సొంత ఈమెయిల్ సర్వర్ పెట్టుకుంటే మన మాట మన చేతిలో ఉంటుందా?

2024 జులై 1న భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. దాని 173వ సెక్షన్ ప్రకారం నేరం గురించిన సమాచారాన్ని స్టేషన్‌కు వెళ్లి చెప్పడమే కాదు, ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చు. పంపిన మనిషి మూడు రోజుల్లోగా సంతకం పెడితే పోలీసులు దాన్ని నమోదు చేసుకోవాలి. ‘ఎస్సై గారు లేరు, రేపు రా’ అనిపించుకుని గేటు దగ్గర నుంచే తిరిగొచ్చిన పేటలకు ఇది చిన్న విషయం కాదు. ఫిర్యాదు ఏ తేదీన, ఏ గంటకు ఇచ్చామో రాతలో ఉంటుంది. అట్రాసిటీ కేసుల్లో ‘ఫిర్యాదు ఆలస్యంగా ఇచ్చారు’ అన్నది నిందితుల తరఫున తరచూ వినిపించే వాదన. కాబట్టి ఆ తేదీకి చాలా విలువ ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఈమెయిల్ ఎవరి పెట్టెలోంచి వెళ్తుంది? చాలా సంఘాలకు ఉన్నది ఎవరో ఒక కార్యకర్త పేరున ఎప్పుడో తెరిచిన జీమెయిల్ ఖాతా. దాని పాస్‌వర్డ్ ఇద్దరికో ముగ్గురికో తెలుసు. రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో ఎవరికీ గుర్తు లేదు. అమెరికా కంపెనీ దయ మీద, ఒక మనిషి ఫోను మీద ఆధారపడిన ఈ ఏర్పాటు చూసి, ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లు ఒక మాట అంటుంటారు: ‘మనమే సర్వర్ పెట్టుకుందాం. సాఫ్ట్‌వేర్ ఉచితం. నెలకు ఐదొందలు, వెయ్యి పెడితే సర్వర్ అద్దెకు దొరుకుతుంది.’

ఆ ఆలోచన వెనక ఉన్న కోరిక న్యాయమైనదే. ఆ దారి మాత్రం చాలా సంఘాలకు సరైనది కాదు. ఎందుకో, దానికి బదులు ఏం చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

సొంత ప్రెస్ నుంచి సొంత సర్వర్ దాకా

సాధనం మన చేతిలో ఉండాలన్న పట్టుదల మనకు కొత్త కాదు. 1920 జనవరిలో అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ ప్రారంభించినప్పుడు, డబ్బు చెల్లిస్తామన్నా ‘కేసరి’ దాని ప్రకటన వేయలేదు. 1931లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ నుంచి ‘భాగ్యనగర్’ పత్రిక నడిపారు. వేరేవాళ్ల పత్రికల్లో మన మాటకు చోటు లేదు కనుక మన పత్రిక మనం పెట్టుకున్నాం. ముంబయి దాదర్‌లో బుద్ధభూషణ్ ముద్రణాలయం ఉన్న అంబేడ్కర్ భవన్‌ను 2016 జూన్‌లో కూల్చేసినప్పుడు వేలమంది వీధుల్లోకి రావడానికి కారణం కూడా అదే. వాళ్లు చూసింది పాత యంత్రాలను కాదు, తమ మాటను తామే అచ్చేసుకున్న చోటును.

ఉత్తరాల సంగతి చెప్పాలంటే ఇంకొంచెం చేదుగా ఉంటుంది. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ కలిసి 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలను పరిశీలించి 2006లో గ్రామీణ భారతంలో అంటరానితనంపై ఒక పుస్తకం వెలువరించారు. దాదాపు నాలుగో వంతు గ్రామాల్లో దళితుల ఇళ్ల దాకా ఉత్తరాల బట్వాడా జరగడం లేదని అందులో తేలింది. పోస్ట్‌మ్యాన్ వాడలోకి రాడు, ఉత్తరం ఊళ్లో ఎవరి దగ్గరో ఉంటుంది, వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. మధ్యలో ఎవరూ లేని దారి కావాలన్న కోరికకు ఇంతటి చరిత్ర ఉంది.

ప్రెస్‌కూ సర్వర్‌కూ తేడా

అయితే ప్రెస్‌కూ ఈమెయిల్ సర్వర్‌కూ మధ్య ఒక మౌలికమైన తేడా ఉంది. ప్రెస్ మనదైతే పత్రిక అచ్చవుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈమెయిల్ అలా కాదు. పంపే సర్వర్ మనదే అయినా, తీసుకునే సర్వర్ తలుపు తీస్తేనే ఉత్తరం లోపలికి పోతుంది. ఆ తలుపులు చాలావరకు రెండు మూడు పెద్ద కంపెనీలవీ, ప్రభుత్వానివీ.

తోట్లవల్లూరులో ఒక సంఘం ఉందనుకుందాం. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ మండలంలో రాయాల్సిన విషయాలకు కొదవ ఉండదు: లంక భూముల సాగు, శ్మశానానికి దారి, ఇళ్ల పట్టాలు, వరదకు పోయిన కౌలు పంటకు పరిహారం. ఆ సంఘం ఉయ్యూరు ఆర్డీఓకు, మచిలీపట్నంలోని కలెక్టరుకు, ఎస్పీకి, హైదరాబాద్‌లోని ఒక లాయరుకు కలిపి ఒక ఈమెయిల్ పంపుతుంది. సంఘం సర్వర్ ముందుగా ఆ చిరునామాల చివర ఉన్న డొమైన్ పేర్లు చూసి, వాటి ఉత్తరాలు ఏ సర్వర్ తీసుకుంటుందో కనుక్కుంటుంది. అక్కడికి వెళ్లి తలుపు తడుతుంది. అప్పుడు అవతలి సర్వర్ నాలుగు సంగతులు అడుగుతుంది.

మొదటిది, ఈ డొమైన్ తరఫున ఉత్తరాలు తెచ్చే హక్కు ఈ యంత్రానికి ఉందా? అలా హక్కున్న యంత్రాల జాబితాను మనం ముందే ప్రకటించాలి. దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. రెండోది, ఉత్తరం మీద లక్కముద్ర ఉందా? దారిలో ఎవరూ మార్చలేదని చెప్పే ఆ ముద్ర పేరు డీకిమ్. మూడోది, ఈ రెండూ సరిపోలకపోతే ఉత్తరాన్ని ఏం చేయమంటారు? ఆ ఆదేశం డీమార్క్. నాలుగోది, తలుపు తట్టిన ఐపీ నంబరు ఎవరిది, దానికి ఇంతకుముందు ఎలాంటి పేరుంది?

మొదటి మూడింటినీ ఓపిక ఉంటే ఒక ఆదివారం కూర్చుని సరిచేసుకోవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిని తప్పనిసరి చేశాయి. రోజుకు 5,000కు మించి పంపేవాళ్లకు మూడూ ఉండాలి, చిన్నవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటైనా ఉండాలి. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకు ఇలాంటి నిబంధనలే పెట్టింది. చిక్కంతా నాలుగో సంగతితోనే.

చవకగా అద్దెకిచ్చే సర్వర్ కంపెనీల్లో మనకు దొరికే ఐపీ నంబరును నిన్నటిదాకా ఇంకెవరో వాడి ఉంటారు. ఆ పక్క నంబర్లలో ఎవరో లాటరీ మోసాల మెయిళ్లు పంపుతూ ఉంటారు. అలాంటప్పుడు పెద్ద కంపెనీలు ఒక నంబరును కాదు, మొత్తం వరుసనే అనుమానిస్తాయి. ఒకడు చేసిన పనికి వాడకట్టునంతా వెలివేయడం మనకు తెలియని నీతి కాదు. ఇక్కడ యంత్రానికి కులం తెలియదు. కానీ వెలి పడినవాడికి కారణం చెప్పకపోవడం, అప్పీలుకు చోటు లేకపోవడం మాత్రం అలాగే ఉంటాయి. మంచిపేరు రావాలంటే క్రమం తప్పకుండా మెయిళ్లు పంపుతుండాలి, అవతలివాళ్లు వాటిని తెరుస్తుండాలి. నెలకు ఇరవై ఉత్తరాలు రాసే సంఘానికి మంచిపేరు తెచ్చుకునే అవకాశమే తక్కువ.

అన్నిటికన్నా ప్రమాదం ఏమిటంటే, ఈ వైఫల్యం కనబడదు. అవతలి సర్వర్ ‘అందింది’ అంటుంది, తర్వాత ఉత్తరాన్ని స్పామ్ పెట్టెలో పడేస్తుంది. మన దగ్గరికి ఏదీ తిరిగి రాదు. పంపామన్న ధీమాతో మనం ఉంటాం. అవతలి అధికారి నిజాయితీగానే ‘నాకు రాలేదు’ అంటాడు. మూడు రోజుల గడువున్న ఫిర్యాదు విషయంలో దీని అర్థం ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

చేతికి వచ్చే పని

‘ఆఫీసులో పాత కంప్యూటర్ ఉంది, దాన్నే సర్వర్‌గా చేద్దాం’ అన్న ఆలోచన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఇళ్లకు ఇచ్చే ఇంటర్నెట్ కనెక్షన్లలో ఐపీ నంబరు మారుతూ ఉంటుంది, లేదా చాలా ఇళ్లకు కలిపి ఒకటే ఉంటుంది. అలాంటి నంబర్ల నుంచి వచ్చే మెయిల్‌ను తీసుకోవద్దని చెప్పే జాబితాలు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. క్లౌడ్ కంపెనీల దగ్గర అద్దెకు తీసుకున్నా అంతే. సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే 25వ నంబరు పోర్టును గూగుల్ క్లౌడ్ మామూలుగా మూసి ఉంచుతుంది. అమెజాన్ అడిగి తెరిపించుకోమంటుంది.

అది దాటినా పని అయిపోదు. సాఫ్ట్‌వేర్ ఉచితమే: పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ దశాబ్దాలుగా నమ్మకంగా పనిచేస్తున్నాయి. వాటన్నిటినీ కలిపి సులువుగా అమర్చిపెట్టే మెయిల్‌కౌ, మెయిల్ ఇన్ ఎ బాక్స్ లాంటివీ ఉన్నాయి. కానీ అమర్చడం ఒక్కరోజు పని, కాపలా ఏళ్లతరబడి పని. 2025 జూన్‌లో, వెబ్‌మెయిల్ కోసం ఎన్నో సంస్థలు వాడే రౌండ్‌క్యూబ్‌లో పదేళ్లుగా ఎవరి కంటా పడని ఒక లోపం బయటపడింది. ఒక్క ఖాతా పాస్‌వర్డ్ దొరికితే చాలు, సర్వర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోగల లోపం అది. మరమ్మతు వెంటనే వచ్చింది. ఆ వారం మన సర్వర్ చూసే కుర్రాడికి సెమిస్టర్ పరీక్షలుంటే?

చట్టం కూడా కొంత బరువు మోపుతుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీసు ప్రొవైడర్లు, ఇంటర్మీడియరీలు, కంపెనీల వంటి సంస్థలు తమ సర్వర్ల లాగ్‌లను 180 రోజులు దాచాలి, భద్రతా ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి. నాలుగు సంఘాలకు మెయిల్ పెట్టెలు ఇచ్చే సర్వర్ నడిపేవాళ్లు తాము ఏ కోవలోకి వస్తామో లాయరును అడిగి తెలుసుకోవాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. బాధితుల పేర్లు, ఫోన్ నంబర్లు, మెడికల్ రిపోర్టులు మన సర్వర్ నుంచి బయటికి పొక్కితే చట్టం సంగతి తర్వాత, ముందు దెబ్బ తినేది ఆ కుటుంబాలే.

వరద కన్నా పెద్ద అడ్డంకి

డెల్టాలో ఎవరైనా మొదట అడిగేది కరెంటు, వరదల గురించే. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వదిలారు. బ్యారేజీ చరిత్రలో అదే అత్యధికం. పాములలంక, తోడేళ్లదిబ్బలంక లాంటి చోట్ల ఉన్నవాళ్లకు నదిని నమ్మి ఏ యంత్రమూ పెట్టలేమని వేరే చెప్పక్కర్లేదు.

నిజానికి ఒకటి రెండు రోజులు సర్వర్ ఆగినా మనకు రావాల్సిన మెయిల్ పోదు. పంపే సర్వర్ దాన్ని తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు అలా ప్రయత్నించాలన్నది ఈమెయిల్ ప్రమాణాల్లోనే ఉంది. కాబట్టి మామూలు కరెంటు కోత పెద్ద సమస్య కాదు.

ఇబ్బంది అంతకు మించి ఆగినప్పుడు. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో విధ్వంసం జరిగింది. తర్వాత ఆ జిల్లాలో ఇంటర్నెట్‌ను వారానికి పైగా నిలిపివేశారు. దళితుల మీద దాడి జరిగే అవకాశం ఉన్న సమయంలోనే దళిత సంఘాలకు బయటి ప్రపంచంతో సంబంధం తెగింది. అలాంటి రోజుల్లో సర్వర్ ఊళ్లోనే ఉంటే ఐదారు రోజులకు బయటివాళ్ల ఉత్తరాలు తిరుగు టపాలో పోవడం మొదలవుతుంది. అదే పెట్టె బయట ఎక్కడో ఉంటే, విజయవాడలోనో ఢిల్లీలోనో ఉన్న మన మనిషి తెరిచి జవాబులు రాయగలుగుతాడు. ‘మన ఊళ్లో ఉన్న యంత్రమే మనది’ అనుకుంటే సంక్షోభంలో నష్టపోయేది మనమే.

దాడి ఎటు నుంచి వస్తుంది?

‘గూగుల్ మన మెయిళ్లు ప్రభుత్వానికి ఇచ్చేస్తుంది కదా’ అన్నది సొంత సర్వర్‌కు అనుకూలంగా వినిపించే బలమైన వాదన. చట్టబద్ధమైన ఆదేశం వస్తే ఏ కంపెనీ అయినా ఇవ్వాల్సిందే, నిజమే. కానీ మన దేశంలో హక్కుల కార్యకర్తల ఈమెయిళ్లపై ఇప్పటిదాకా బయటపడిన దాడులు ఏ దారిన వచ్చాయో చూడాలి.

భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2016 జూన్ 13న ఆయనకు వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి, దాన్ని వాడుతున్న మరెవరో, ఒక ఫైలు పంపి తెరవమన్నారు. తెరిచాక నెట్‌వైర్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లోకి చేరింది. తర్వాత దాదాపు 22 నెలల కాలంలో కేసుకు ఆధారంగా చూపిన పత్రాలను అందులో నాటారని ఆ నివేదిక చెప్పింది. ఎన్‌ఐఏ దాన్ని అంగీకరించలేదు. 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక సెంటినెల్‌వన్ పరిశోధకులను ఉటంకిస్తూ మరో సంగతి రాసింది. రోనా విల్సన్, వరవరరావు, హనీ బాబు ఖాతాలకు రికవరీ ఈమెయిల్, ఫోన్ నంబరు కొత్తగా చేర్చి ఉన్నాయనీ, అవి పుణె పోలీసు అధికారి ఒకరికి సంబంధించినవనీ ఆ కథనం సారాంశం.

2020 జూన్‌లో ఆమ్నెస్టీ, సిటిజన్ ల్యాబ్ సంస్థలు మరో తొమ్మిది మందిపై ఇదే తరహా మెయిల్ దాడులను బయటపెట్టాయి. వారిలో ఛత్తీస్‌గఢ్ దళిత హక్కుల కార్యకర్త డిగ్రీ ప్రసాద్ చౌహాన్ ఒకరు.

ఈ ఘటనల్లో ఎక్కడా ఎవరూ సర్వర్‌ను బద్దలు కొట్టినట్టు బయటపడలేదు. తెలిసిన మనిషి పేరుతో వచ్చిన ఫైలు, రక్షణ లేని పాస్‌వర్డ్, ఎవరూ తిరిగి చూడని రికవరీ నంబరు: ఇవే తలుపులు. సొంత సర్వర్ పెట్టుకున్నా ఈ తలుపులు అలాగే తెరిచి ఉంటాయి. ఇంకా చెప్పాలంటే, అనుమానాస్పద ఫైళ్లను ఆపడానికి పెద్ద కంపెనీలు పెట్టే కాపలా మనం పెట్టలేం. పైగా మనం రాసే ఉత్తరాల్లో చాలావరకు జీమెయిల్ వాడేవాళ్లకో ప్రభుత్వ కార్యాలయాలకో వెళ్తాయి. మన సర్వర్ ఎంత భద్రంగా ఉన్నా రెండో ప్రతి వాళ్ల దగ్గర ఉంటుంది.

సొంత సర్వర్ ఉన్నంత మాత్రాన నిఘా ఆగదని ఇటలీ అనుభవం కూడా చెబుతుంది. అక్కడ ఉద్యమ సంఘాల కోసం ఆటిస్టిచి/ఇన్వెంటాటి అనే బృందం సొంత సర్వర్ నడిపేది. అది ఉన్నది మాత్రం ఒక కంపెనీ డేటా సెంటర్‌లో. 2004 జూన్‌లో పోలీసులు ఆ కంపెనీ ద్వారా సర్వర్‌లోకి చొరబడ్డారు. ఆ విషయం బృందానికి తెలిసింది 2005 జూన్‌లో, ఏడాది తర్వాత.

కొత్త కరణం

ఇక సంఘం లోపలి సంగతి. 1984లో ఉమ్మడి రాష్ట్రంలో కరణం, మునసబు వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి భూముల లెక్కంతా కరణం చేతిలో ఉండేది. భూమి ఎవరిదన్నది దున్నేవాడికన్నా కాగితం రాసేవాడికే ఎక్కువ తెలిసేది. సర్వర్ నడిపే మనిషి కూడా అలాంటి చోటే కూర్చుంటాడు. మామూలు అమరికలో అతను ఎవరి పెట్టెనైనా తెరవగలడు. అతను మంచివాడు కాదని కాదు. మంచివాడైనా అతనికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తుంది, సంఘంలో చీలిక వస్తుంది, లేదా మాట్లాడుకోవడం మానేస్తారు. అప్పుడు పదేళ్ల ఉత్తరాలు ఒక్కడి చేతిలో ఉండిపోతాయి.

సంఘంలోని నాయకుడి మీదే ఒక మహిళా కార్యకర్త ఫిర్యాదు రాయాల్సి వచ్చిందనుకోండి. ఆ ఉత్తరం చేరే సర్వర్ తాళం ఆ నాయకుడి స్నేహితుడి దగ్గర ఉంటే ఆమె రాస్తుందా? ‘మన సర్వర్’ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరున్నారో మన సంఘాల్లో ఆడవాళ్లు చాలా కాలంగా అడుగుతున్న ప్రశ్నే.

సాక్ష్యం విషయం కూడా ఆలోచించాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి. ఉత్తరం మూడో సంస్థ ద్వారా వెళ్తే, ఫలానా తేదీన పంపామనడానికి మనతో సంబంధం లేని ఒక రికార్డు ఉంటుంది. సర్వర్ మనదే అయితే ‘మీ యంత్రం, మీ లాగ్, ఏమైనా మార్చి ఉండొచ్చు’ అనే అవకాశం అవతలి లాయరుకు మనమే ఇచ్చినట్టవుతుంది.

సర్వర్ అక్కర్లేదు, చిరునామా మనది కావాలి

2025 అక్టోబరులో వచ్చిన వార్తల ప్రకారం కేంద్ర ప్రభుత్వం దాదాపు 12 లక్షల మంది ఉద్యోగుల ఈమెయిల్‌ను చెన్నైకి చెందిన జోహో కంపెనీ వేదిక మీదికి మార్చింది. దశాబ్దాలుగా ఎన్‌ఐసీ సొంతంగా నడిపిన ఏర్పాటు అది. ఇంజినీర్లకూ డబ్బుకూ కొదవలేని ప్రభుత్వమే మెయిల్ నడిపే పనిని అప్పగించింది. కానీ ఒకటి మాత్రం వదల్లేదు. చిరునామా చివర ఉండే ప్రభుత్వ డొమైన్ అలాగే ఉంది. రేపు కంపెనీని మార్చినా చిరునామాలు మారవు.

మనం నేర్చుకోవాల్సింది ఇదే. డొమైన్ పేరు పట్టా లాంటిది. మెయిల్ నడిపే కంపెనీ కౌలుదారు లాంటిది. పట్టా మన పేరున ఉంటే కౌలుదారు నచ్చనప్పుడు మార్చుకోవచ్చు. డొమైన్ రికార్డుల్లో ఉత్తరాలు ఎవరికి చేరాలో చెప్పే ఒకటి రెండు వరుసలు మారిస్తే చాలు, పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలు కొత్త చోటికి వస్తాయి. జీమెయిల్ చివర ఉన్న చిరునామాతో అది కుదరదు. పైగా రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు నిజనిర్ధారణ ఫొటోలతో, వీడియోలతో నిండిపోతే కొత్త మెయిల్ రావడం ఆగిపోతుంది.

కాబట్టి చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి, సంఘం పేరున డొమైన్ కొనండి. ‘.ఇన్’ డొమైన్ సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే. కొనే ఖాతా ఒక వ్యక్తి సొంత ఈమెయిల్ మీద ఉండకూడదు. సంఘం తీర్మానం రాసి, కనీసం ఇద్దరి దగ్గర తాళాలు ఉంచండి. రెన్యువల్ తేదీని క్యాలెండర్ మీద రాసి గోడకు తగిలించండి. అయితే పట్టాకూ పరిమితులున్నాయి. 2020 జులైలో ఢిల్లీ పోలీసుల నోటీసుతో పర్యావరణ విద్యార్థుల ‘ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్’ వారి ‘.ఇన్’ డొమైన్‌ను నిలిపివేశారు. అలాంటి ప్రమాదం ఉందనుకునేవాళ్లు విదేశీ రిజిస్ట్రీలో మరో పేరు కూడా తీసి ఉంచుకోవడం మంచిది.

రెండు, మెయిల్ నడిపే పని అనుభవం ఉన్న సంస్థకు ఇవ్వండి. ఒక్కో పెట్టెకు నెలకు వంద రూపాయల లోపు తీసుకునే సంస్థలున్నాయి. రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలకు గూగుల్, మైక్రోసాఫ్ట్ ఉచితంగానో తగ్గింపు ధరకో ఇస్తాయి. ఎవరిని ఎంచుకున్నా ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్ మెయిల్‌ను దేశంలో నిరోధించే చర్యలు తీసుకోమని కేంద్రాన్ని ఆదేశించింది. ఏ సేవైనా ఒక రోజు అందకుండా పోవచ్చు. డొమైన్ మనదైతే మారడానికి కొన్ని గంటలు చాలు.

మూడు, మనిషికో పెట్టె, పనికో చిరునామా. పాస్‌వర్డ్ పంచుకోవడం ఆపండి. రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేయండి. అది కూడా ఎస్సెమ్మెస్ మీద కాకుండా యాప్ మీదో సెక్యూరిటీ కీ మీదో ఉండాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం రికవరీ నంబరు, రికవరీ ఈమెయిల్ మనవేనా అని చూడండి. ఆ పనికి ఐదు నిమిషాలు పట్టదు. వరవరరావు ఖాతా గురించి వచ్చిన వార్త గుర్తుంటే ఎవరూ ఆ ఐదు నిమిషాలు దాటవేయరు.

నాలుగు, నకలు మన దగ్గర ఉండాలి. థండర్‌బర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మెయిల్ మొత్తాన్ని ఒక హార్డ్ డిస్క్‌లోకి దింపుకుని, దానికి ఎన్‌క్రిప్షన్ పెట్టి, ఆఫీసుకు దూరంగా ఇంకో ప్రతి ఉంచండి. 2018 ఆగస్టు 28న హైదరాబాద్ ఇఫ్లూ ప్రాంగణంలో దళిత అధ్యయనాల ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇంట్లో సోదా చేసి పుణె పోలీసులు కంప్యూటర్, హార్డ్ డిస్కులు తీసుకెళ్లారు. ఆయన మీద కేసు లేకపోయినా రాతలన్నీ పోయాయి. ఒకేచోట ఉన్న ప్రతి మనది కాదనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అయిదు, ముఖ్యమైన ఫిర్యాదు ఏదైనా ఈమెయిల్‌తో ఆపొద్దు. పంపిన రోజే ఫోన్ చేసి అందిందో లేదో అడగండి. స్పీడ్ పోస్టులో కాపీ పంపండి. మూడు రోజుల్లోగా సంతకానికి ఒక మనిషిని తోడిచ్చి పంపండి. బాధితుల పేర్లు, చిరునామాలు మెయిల్ సబ్జెక్టులో రాయొద్దు. ఎన్‌క్రిప్షన్ వాడినా సబ్జెక్టు మామూలుగా బయటికి కనిపిస్తూనే ఉంటుంది.

మరి సర్వర్ ఎవరికి?

సొంత సర్వర్ ఆలోచనను పూర్తిగా కొట్టిపారేయాలని నేను అనను. అమెరికాలోని సియాటిల్‌లో పాతికేళ్లుగా రైజ్‌అప్ అనే బృందం ఉద్యమకారుల కోసం మెయిల్ నడుపుతోంది. 2017లో వాళ్లు ఒక విషయం బయటికి చెప్పారు. రహస్యంగా ఉంచాల్సిన రెండు ఎఫ్‌బీఐ వారంట్లు వచ్చాయి, కోర్టుదారులన్నీ అయిపోయాక వాటిని పాటించక తప్పలేదు. ఆ అనుభవం తర్వాత, తాము కూడా చదవలేని విధంగా ప్రతి పెట్టెనూ దాని యజమాని పాస్‌వర్డ్‌తోనే తెరుచుకునేలా మార్చారు. అలాంటి పని ఒక సంఘం చేసేది కాదు. పూర్తికాలం పనిచేసే మనుషులు, నిలకడగా వచ్చే చందాలు, లాయర్లు ఉండాలి. తెలుగు నేల మీద అలాంటిది రావాలంటే యాభై అరవై సంఘాలు కలిసి ఒక సహకార సంఘంగా ఏర్పడి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో ఉన్నవాళ్లను కలుపుకుని, కనీసం ముగ్గురికి జీతమిచ్చి నడపాలి. వాళ్లలో ఆడవాళ్లు ఉండాలి. ఎవరు ఏ పెట్టె ఎప్పుడు తెరిచారో అందరికీ కనిపించాలి. అది చేయగలిగిన రోజు చేద్దాం.

నేర్చుకోవాలనుకునే విద్యార్థులు ఈలోగా తప్పకుండా సర్వర్ పెట్టి చూడండి. ఒక వేరే డొమైన్ కొని, స్నేహితులకు ఉత్తరాలు పంపి, అవి ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. ఇంటర్నెట్‌లో తలుపులు ఎవరి చేతిలో ఉన్నాయో దానికి మించి నేర్పే పాఠం లేదు. ఆ పాఠాన్ని ఒక బాధిత కుటుంబం ఫిర్యాదుతో మాత్రం నేర్చుకోవద్దు.

అంబేడ్కర్, భాగ్యరెడ్డి వర్మ పత్రికలు పెట్టింది యంత్రాల మీద మోజుతో కాదు. మన మాట చేరాల్సినవాళ్లకు చేరడం కోసం. తోట్లవల్లూరు నుంచి రాసిన ఉత్తరం మచిలీపట్నం కలెక్టరేట్‌కు చేరిందా, దాని నకలు మన దగ్గర ఉందా, రేపు ఎవరు వెళ్లిపోయినా ఆ చిరునామా మనదిగానే ఉంటుందా? ఏ ఏర్పాటు చేసుకున్నా ఈ మూడింటికీ అవునన్న జవాబు ఉండాలి. ఏడాదికి వెయ్యి రూపాయల డొమైన్, నెలకో ఆదివారం కాస్త శ్రద్ధ పెడితే ఆ జవాబు ఈ నెలలోనే మన చేతికి వస్తుంది.